ఊడవని ఇల్లు

తలుపు వెనక చీపురు ఉంది, ఉండనీ, దాని వైపు చూడకూడదు, చూస్తే చెయ్యి ఊరుకోదు అనుకుంటూ ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళో రెండేళ్ళ కూతురు, కూతురి నడుం చుట్టూ తన ఎడమ చెయ్యి, మంచానికి నాలుగు పక్కలా వారం నుంచీ ఊడవని గచ్చు. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి ఇంట్లో ఎవరెక్కడ తిరిగారో అంతా బయటపెడుతోంది. వంటింటి దాకా పోయి వచ్చినవి తన అడుగులు. గోడ పక్కన గీతల్లా ఉన్నవి అత్తగారివి, మోకాళ్ళ నొప్పితో కాలు ఈడ్చి వేసే మనిషి. గుమ్మం దగ్గర ముందుకీ వెనక్కీ తొక్కి తొక్కి ఉన్నవి మొగుడివి. చిన్న అడుగులు మాత్రం ఎక్కడా లేవు. ఈ వారంలో ఆమె సాధించింది అదొక్కటే, పిల్లని ఒక్కసారి కూడా నేల మీద దించలేదు. పొద్దున్నే వచ్చేస్తానంది దుమ్ము మేడం. ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి వచ్చే ఆ అమ్మాయికి అసలు పేరేదో ఉంది, మెడలో వేలాడే కార్డు మీద రాసే ఉంటుంది, కానీ ఇళ్ళలో దుమ్ము పట్టుకుపోవడానికి వచ్చే మనిషిని సందులో వాళ్ళు ఇంకేమని పిలుస్తారు. ఎండ మంచం కోడు దాకా వచ్చేసింది, ఆవిడ ఇంకా రాలేదు. వస్తుంది, రాకేం చేస్తుంది. వచ్చి ఆ ప్లాస్టిక్ చట్రం నేల మీద పెట్టి, చట్రం మధ్యలో తడికాగితంతో అటూ ఇటూ తుడిచి, ఆ కాగితం మడిచి గొట్టంలో వేసుకుని పోతుంది, అంతే పని. ఆ కాస్త పనీ అయిపోయిన మరుక్షణం చీపురూ తడిగుడ్డా తీసుకుని ఈ ఇంటి మీద పడాలి, గోడలు కూడా వదలకూడదు.

"వంటిల్లొక్కటీ ఊడ్చేస్తానమ్మాయ్." అత్తగారు వంటింటి గడపలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"వద్దత్తయ్యా."

"తిండి తినే చోటు. ఊడిస్తే ఎవరికి తెలుస్తుంది?"

"పోయినసారి పొయ్యి పక్కన కూడా తుడిచి తీసుకెళ్ళారు. తెలుస్తుంది."

"ఎవరైనా గుమ్మంలోకొస్తే ఏమనుకుంటారు? పందుల కొట్టంలా ఉంది కొంప."

ఏమనుకుంటారు. ఏమనుకుంటారోనన్న ఆ భయమే కదా కొంప ముంచింది అని అరవబోయి పళ్ళ బిగువున ఆపుకుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో అత్తగారు చూపుడు వేలితో కిటికీ చెక్క మీద ఒక్క గీత గీసి, ఆ వేలు ఆమె ముఖం ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. దుమ్ము మేడం కంటే ముందు ఈ ఇంట్లో దుమ్ము పరీక్ష చేసింది ఆవిడే. ఆ పరీక్షలో తప్పకూడదని పొద్దునా సాయంత్రం తుడవడం, ఇనప పెట్టె జరిపి దాని కింద తుడవడం, తలుపు బందుల్లో గుడ్డపేలిక దూర్చి తుడవడం అన్నీ నేర్చుకుంది, నేర్చుకుని ఇప్పుడు తనే పక్కింటి కుట్టుమిషనావిడ గుమ్మంలో నిలబడినప్పుడు ముందు నేల వంక చూస్తుంది, ఆవిడా తన నేల వంక చూస్తుంది, ఆ చూపు అయ్యాకే మాటలు మొదలవుతాయి. ఇలాంటి సందులోకి ఒక సాయంత్రం బండి మీద మైకు పెట్టుకుని వచ్చారు మహానుభావులు. రేపు మా సిబ్బంది మీ ఇళ్ళకి వస్తారు, పిల్లలున్న ఇళ్ళలో దుమ్ము నమూనాలు తీసుకుంటారు, దయచేసి సహకరించండి. ఇంకేముంది. దీపాలు పెట్టే వేళకే సందంతా చీపుళ్ళ చప్పుడు. బకెట్లు, బ్రష్షులు, సబ్బునీళ్ళు, కాలవ నిండా తెల్లటి నురుగు. తనైతే మంచం బయటపడేసి, కిటికీ ఊచలు ఒక్కొక్కటీ రుద్ది, మూలల్లోకి చెయ్యి పట్టకపోతే కత్తి కొసకి గుడ్డ చుట్టి గోకింది. ఆఫీసువాళ్ళు ఇంటికొస్తున్నారంటే మరి కడగరా. దుమ్ము కోసం వస్తున్నవాళ్ళకి దుమ్ము కనపడకూడదని సందులో ఆడవాళ్ళందరూ నడుం విరిగేలా చాకిరీ చేశారు, ఇదేమిటే ఇలా చేస్తున్నాం అని ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి తోచలేదు. మర్నాడు దుమ్ము మేడం వచ్చి, ఇల్లు అద్దంలా పెట్టుకున్నారండీ అంది. తను పొంగిపోయింది. పొంగిపోయి కుర్చీ తుడిచి మరీ వేసింది. ఆ పొంగిపోవడం తలుచుకుంటే ఇప్పుడు చెంపలు పగలగొట్టుకోవాలనిపిస్తోంది, ముందు తనవి, తర్వాత ఆ మైకు పట్టుకున్నవాడివి.

ఒళ్ళో పిల్ల మెలికలు తిరిగింది. చెక్క గరిటె ఒకటి చేతికిచ్చి ఆడుకోమంటే అది మంచం అవతలికి విసిరేసి, విసిరిన దాని కోసం తనే ఏడుస్తోంది. గరిటె గచ్చు మీద పడి కాస్త దుమ్ము లేచింది, ఎండలో మెరుస్తూ లేచింది, చూడ్డానికి ముచ్చటగా కూడా ఉంది, ఛీ. "వద్దమ్మా, కింద వద్దు, నాన్నొచ్చాక ఎత్తుకుని తిప్పుతాడు," అంటూ ఇంకో చేత్తో పిల్ల మణికట్టు పట్టుకుంది, ఎందుకంటే ఏడుపు మొదలవగానే వేళ్ళు నోట్లోకి పోతాయి, నాలుగు వేళ్ళూ ఒకేసారి. పక్కనే తడిగుడ్డ గిన్నెలో పెట్టుకుని చేతులు తుడుస్తూనే ఉంది. చేతులు తుడవచ్చట. నేల తుడవకూడదట. పిల్ల పేరు చిలక. అసలు పేరు అది కాదు, ఏడాది నిండకముందే నీళ్ళు అంది, నాన్న అంది, గుమ్మంలో ఎవరు కనపడినా దా అంది, దాంతో అత్తగారే మురిసిపోయి చిలక అని మొదలుపెట్టారు. చిలక ఇప్పుడు మాట్లాడదు. ఉన్న మాటలు ఒక్కొక్కటే పోయాయి, ఏది ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. నాన్న అనడం మానేసిందని ముందు మొగుడే గమనించాడు, గమనించి ఏదో తమాషాలా చెప్పాడు, నా మీద అలిగినట్టుంది మీ చిలక అని. తర్వాత కడుపు పట్టుకుని ముడుచుకుపోవడం, తిండి తోసెయ్యడం, అర్థంలేని మారాం. ఆస్పత్రిలో రక్తం తీసి చూస్తే సీసం ఉందన్నారు, పసివాళ్ళ ఒంట్లో ఉండకూడనంత ఉందన్నారు. సీసం అంటే మీ ఆయన పని చేసే కార్ఖానాలో కరిగించేదే కదమ్మా అని డాక్టరు తల ఎత్తకుండానే అన్నాడు. ఎలా వస్తుందండీ, పిల్లకీ కార్ఖానాకీ ఏమిటి సంబంధం అంటే, దుమ్ములో ఉంటుంది, ఆ దుమ్ములో పిల్లలు పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు, ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి అన్నాడు. ఇల్లు శుభ్రంగా ఉంచుకోండి! ఎవరికి చెప్తున్నాడు, ఏం చూసి చెప్తున్నాడు, ఒక్కసారైనా తల ఎత్తి ఈ చేతుల వంక చూశాడా, సబ్బునీళ్ళకి పగిలిన ఈ చేతుల వంక.

కోపం ఒక చోట నిలవదు, అదే వచ్చిన చిక్కు. డాక్టరు మీద మొదలై మేనేజరు మీదికి పోతుంది. కడిగిన ఇళ్ళలో తుడిచిన కాగితాలకి ఏముంటుంది, ఏమీ లేదని వచ్చింది, ఇళ్ళలో దుమ్ము వల్ల పిల్లలకి ప్రమాదం కనపడలేదని ఆఫీసు చెప్పేసింది. ఆ మాట చెవిన పడగానే మేనేజరు కార్ఖానా షెడ్డులో అందరినీ కూర్చోబెట్టాడు, ఆడవాళ్ళని కూడా పిలిపించాడు, మునుపెన్నడూ లేని మర్యాద. చుట్టూ పగలగొట్టిన పాత బ్యాటరీల పెంకులు, అవతల కొలిమి, మధ్యలో తెల్లచొక్కా మేనేజరు. "చూశారుగా, మీ ఇళ్ళలో ఏమీ లేదని గవర్నమెంటే తేల్చింది. కార్ఖానా మీద పడి ఏడవడం మానేసి, పిల్లలు ఏం నోట్లో పెట్టుకుంటున్నారో తల్లులు కాస్త కనిపెట్టి ఉండండి," అన్నాడు. తల్లులు. నవ్వుతూ అన్నాడు. అప్పుడు లేచి నిలబడి నోరు తెరిచిందా, లేదు, మొగుడు పక్కనే తలొంచుకుని ఉన్నాడు, కార్ఖానా మూతపడితే ఏం తింటాం అన్నది ఆ షెడ్డులో ప్రతి మొగుడి ముఖం మీదా రాసి ఉంది. ఒళ్ళంతా కుతకుత ఉడికిపోతూ ఇంటికి వస్తుంటే దారిలో దుమ్ము మేడం ఎదురైంది, తన కాగితాల సంచీతో, మంచి వార్తే కదండీ అన్న ముఖంతో. కోపమంతా ఆవిడ మీద పడింది.

"మీరొస్తున్నారని తెలిస్తే కడక్కుండా ఎలా ఉంటామండీ? బుద్ధి ఉండక్కర్లా?"

"కడిగారా? మీరా?"

"నేనేమిటి, సందంతా కడిగింది. మైకులో చెప్పించింది ఎవరు?"

దుమ్ము మేడం కాలవ గట్టు మీద కూలబడి, చెప్పకుండా వచ్చి ఇళ్ళలో దూరితే మర్యాదగా ఉండదని మా సారే చెప్పించారండీ అంది. మర్యాద! వాళ్ళు మర్యాదకి చెప్పారు, వీళ్ళు మర్యాదకి కడిగారు, ఇద్దరి మర్యాదా కలిసి చిలక నెత్తి మీద పడింది. మళ్ళీ తీద్దామని ఆవిడే పోరాడిందట, సారు ఒప్పుకున్నాడట, ఆఖరిసారి అన్నాడట. ఈసారి కూడా ఏమీ లేదని వస్తే ఇక ఈ సందు ఊసెత్తరు. ఉందని తేలితే పిల్లలందరికీ వైద్యం కార్ఖానావాళ్ళే చేయించాలి, కార్ఖానాలో స్నానాల గదులు కట్టించాలి, పని బట్టలు అక్కడే ఉతికించాలి, ఇళ్ళు మిషన్లతో శుభ్రం చేయించాలి. అందుకని వారం రోజులు ఊడవద్దండీ, తుడవద్దండీ, మిగతా అంతా ఎప్పటిలాగే ఉండండి అని గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పింది. సందులో అందరూ తలలూపారు. రెండు రోజులు కూడా ఆగలేకపోయారు. కుట్టుమిషనావిడ వచ్చి, నా వల్ల కాలేదమ్మా, తెల్లారేసరికి చెయ్యి దానంతటదే చీపురు పట్టుకుంది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఆవిడ కొడుకూ ఏడాదిన్నర వాడే, ఏమని తిట్టాలి. ఇంకొకళ్ళు చుట్టాలొచ్చారన్నారు. ఇంకొకళ్ళు చెప్పనే లేదు, వాకిట్లో తడి చూసి తెలిసింది. ఆఖరికి ఊడవని కొంప ఇదొక్కటే మిగిలింది, పందుల కొట్టం, ఇందులోంచే తేలాలి అందరి పిల్లల సంగతీ.

పిల్లని ఎక్కడికైనా పంపేద్దామని చూసింది, చూడకపోవడమేం. అక్క ఇంటికి పంపుదామంటే బావదీ అదే కార్ఖానా, అక్కడ మాత్రం ఏం తక్కువ దుమ్ము. అందుకని మంచం ఒక దీవి అయింది, చిలక తిండి మంచం మీదే, నిద్ర మంచం మీదే, ఏడుపు మంచం మీదే. ఇక మొగుడు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ అతను ఇంటికి రాగానే చొక్కా వాకిట్లోనే విప్పి, నెత్తి మీద నీళ్ళు కుమ్మరించుకుని, అప్పుడు లోపలికి వచ్చేవాడు, ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాడు. ఈ వారం అది కూడా వద్దన్నారు. ఇన్నేళ్ళూ ఎలా వచ్చేవాడో అలాగే రావాలి, లేకపోతే ఇంట్లో మామూలుగా ఉండే దుమ్ము ఎంతో తెలియదట. మొదటి రోజు అతను గుమ్మంలో ఆగిపోయాడు. నల్లబడ్డ చొక్కా, కనుబొమల మీద కూడా బూడిద. "ఇలాగే రావాలా?" అన్నాడు. "రండి," అంది. "చూస్తూ చూస్తూ ఎలా రానే?" అన్నాడు. ఒక అడుగు లోపల, ఒక అడుగు బయట, చంటిపిల్లాడిలా నిలబడిపోయాడు. చిలక మంచం మీంచి చేతులు చాచింది, మాట లేదు కానీ చేతులున్నాయి, అతను అటు చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి గుమ్మం పక్కనే పడుకుంటున్నాడు. ఆ మనిషి మీద ఎలా కోప్పడాలి, కోప్పడకుండా ఎలా ఉండాలి, ఆ చొక్కాతోనే కదా పిల్లని ఎత్తుకుని ముద్దులాడాడు ఇన్నాళ్ళూ, తనూ ఆ చొక్కానే కదా పిల్ల బట్టలతో కలిపి ఉతికింది, ఎవరైనా చెప్పారా, ఒక్కడంటే ఒక్కడు చెప్పాడా, తెల్లచొక్కా వేసుకుని కొలిమి పక్కన నిలబడేవాడికి తెలియదా, వాడి ఇంటికి వాడు ఏ చొక్కాతో వెళ్తాడు.

దుమ్ము మేడం మంచిదే, మంచిది కాదని ఎవరన్నారు, కానీ ఆవిడ అడిగే ప్రశ్నలు వింటే కడుపు రగిలిపోతుంది. రోజులో ఎంతసేపు నేల మీద ఆడుతుంది, గంటలో ఎన్నిసార్లు వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది, మట్టి తింటుందా, కిటికీ చెక్క నాకుతుందా. ఎందుకమ్మా ఇవన్నీ అంటే, మా లెక్కల్లో ఒక బిడ్డ ఉంటుందండీ అంది. ఆ బిడ్డ బరువు ఇంత, రోజుకి మింగే దుమ్ము ఇంత, మీ ఇంటి దుమ్ములో సీసం ఎంతుందో తెలిస్తే ఆ బిడ్డకి ఎంత ప్రమాదమో లెక్క తేలుతుందట. ఆ బిడ్డ ఏడవదు కాబోలు. దానికి కడుపునొప్పి రాదు, దానికి నాన్న అనడం రాకపోయినా ఎవరికీ పట్టదు, దాన్ని నేల మీద వదిలేసి ఎంత దుమ్మైనా తినిపించవచ్చు, అది లెక్కలోదే కదా. మరి ఒళ్ళో ఉన్నదాని రక్తం తీసి చూశారు కదా, అందులో ఉందని తేలింది కదా, ఇంకేం కావాలి. అది చాలదట. రక్తంలో ఉందంటే ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చట, బొమ్మల రంగులోంచి, పాత గొట్టాల నీళ్ళలోంచి. దుమ్ములో దొరకాలట. పిల్ల బాగుండాలంటే దుమ్ము ఉండకూడదు, పిల్లకి న్యాయం జరగాలంటే దుమ్ము ఉండాలి. ఇలాంటి మెలిక ఏ తల్లి మెడకైనా వేస్తారా ఎవరైనా. వేసి, ఎప్పటిలాగే ఉండండి అని చల్లగా చెప్పి పోతారా.

ఫోన్ మోగింది. ఒక చేత్తో పిల్లని పట్టుకునే ఎత్తింది.

"అమ్మా, నేనండీ, ఆరోగ్య శాఖ నుంచి. ఈరోజు రావడం కుదరడం లేదండీ. బండి మీటింగుకి పంపేశారు. సోమవారం తప్పకుండా వస్తాం."

"సోమవారమా?"

"అవునండీ. నాకూ బాధగానే ఉంది. అప్పటిదాకా దేన్నీ కదిలించకండి. ఎప్పటిలాగే ఉండండి, ప్లీజ్."

ఎప్పటిలాగే. సోమవారం. బండి లేదట, బండి మీటింగుకి వెళ్ళిందట, ఆ మీటింగులో ఏం మాట్లాడతారు, పిల్లల ఆరోగ్యం గురించే మాట్లాడతారు, మంచినీళ్ళ సీసాలు ముందు పెట్టుకుని. అత్తగారికి విషయం అర్థమైపోయింది, అప్పటికే చీపురు చేతిలోకి తీసుకున్నారు, ఇక చాలమ్మాయ్, ఇటు తే పిల్లని, నేను ఊడ్చేస్తా అన్నట్టు చూస్తున్నారు. ఆ చీపురు లాక్కుని తనే మొదలుపెట్టాలని చేతులు పీకుతున్నాయి, ఊడ్చేస్తే పీడా పోతుంది, పిల్లని దించవచ్చు, మొగుడు వచ్చి మంచం పక్కన పడుకోవచ్చు, సోమవారం వాళ్ళొచ్చి శుభ్రమైన గచ్చు తుడుచుకుని ఏమీ లేదని రాసుకుంటారు, తెల్లచొక్కావాడు మళ్ళీ నవ్వుతూ తల్లులు అంటాడు. ఊడవకపోతే ఇంకా ఇన్ని రోజులు ఈ మంచం మీద, ఈ మణికట్టు పట్టుకుని, నిద్రలో చెయ్యి జారితే ఎలా అని మేలుకుని. అలా చేసినా వాళ్ళదే గెలుపు, ఇలా చేసినా వాళ్ళదే గెలుపు. వాళ్ళకి పోయేదేమిటి. వాళ్ళలో ఒక్కడి పిల్లైనా ఈ గచ్చు మీద పాకుతుందా. ఫోన్‌లో దుమ్ము మేడం, వింటున్నారా అండీ, వింటున్నారా అని పదే పదే అడుగుతోంది.

"మేడం, మీ ఆఫీసులో నేల రోజూ తుడుస్తారా?"

"ఏమిటండీ? ఆ... తుడుస్తారు, రెండు పూటలా. ఎందుకు?"

"ఇంటికి తాళం వేసేస్తున్నా. మీరొచ్చి తీయించేదాకా ఒక్కరు కూడా లోపల అడుగు పెట్టరు, మీ దుమ్ము ఎక్కడికీ పోదు. అప్పటిదాకా మేం వచ్చి మీ ఆఫీసులో ఉంటాం."

"అయ్యో, ఇక్కడ ఎలా కుదురుతుందండీ? మా సార్ ఒప్పుకోరు."

"ఏం ఫర్వాలేదు. ఎప్పటిలాగే ఉండమనండి ఆయన్ని."

ఫోన్ పెట్టేసి, పిల్లని భుజాన వేసుకుని, తన పాత అడుగుల మీదే అడుగులు వేసుకుంటూ గుమ్మం దాకా నడిచింది. అత్తగారు చీపురు పట్టుకుని నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. తిడతారేమో అనుకుంది. ఆవిడ ఆ గచ్చు వంక ఒకసారి చూశారు, చిలక వంక చూశారు, చీపురు తీసిన చోటే పెట్టేసి, పిల్ల గిన్నె, తడిగుడ్డ, రెండు గౌన్లు సంచిలో కుక్కుకుని మోకాళ్ళు పట్టుకుంటూ బయటికి వచ్చారు. తాళం పడింది. కుట్టుమిషనావిడ మిషను ఆపి, కొడుకుని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చి చూస్తోంది.

"మరి సాయంత్రం వాడొస్తే?" అన్నారు అత్తగారు.

"అక్కడికే రమ్మని ఫోన్ చెయ్యండి. ఆ బట్టలు కార్ఖానాలోనే విప్పేసి, తల కూడా కడుక్కుని, వేరేవి వేసుకుని రమ్మనండి."

"వారం నుంచీ కడుక్కోవద్దు, కడుక్కోవద్దు అన్నావుగా వాణ్ణి?"

"ఇవాళ పిల్ల నేల మీద ఉంటుందత్తయ్యా."